దాల్చిన చెక్క నుంచి గుండె మాత్ర దాకా: కూమరిన్లపై మీ ప్రశ్నలు

కిందటి సంచికలో రక్తం గడ్డకట్టకుండా వాడే ఎసిట్రోమ్ మాత్ర గురించి చెబుతూ, అది కూమరిన్లు అనే రసాయనాల (అణువులో ఒకే రకం ఉంగరం ఉన్నవి) కుటుంబంలోదనీ, దాల్చిన చెక్క వాసనలో కూడా ఆ కుటుంబం ఉందనీ ఒక్క వాక్యం రాశాం. ఆ ఒక్క వాక్యానికే చెన్నై పాఠకుల నుంచి ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకంగా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మగారికి ఏడాది కిందట గుండెలో మైట్రల్ కవాటం తీసి లోహపు కవాటం పెట్టారు. రోజూ ఎసిట్రోమ్ 2 మిల్లీగ్రాములు వేసుకుంటారు. ఆకుకూరలు తగ్గించమన్నారని తోటకూర, గోంగూర, మునగాకు మానేశారు. రసంలో కొత్తిమీర కూడా ఏరి పక్కన పెడతారు. అయినా ఐఎన్ఆర్ (రక్తం ఎంత నెమ్మదిగా గడ్డకడుతుందో చెప్పే అంకె) ఒకసారి 1.8, మరోసారి 4.1 వచ్చింది. తప్పెక్కడ జరుగుతోంది? (పెరంబూర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఆకుకూరలు పూర్తిగా మానేయడమే ఒక తప్పు కావచ్చునండీ. వినడానికి విడ్డూరంగా ఉన్నా కారణం సూటిగానే ఉంది.

రక్తం గడ్డకట్టడానికి కాలేయం తయారుచేసే పదార్థాల్లో నాలుగింటికి (2, 7, 9, 10 నంబర్ల కారకాలు) విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కెను కాలేయం పారేయదు. ఒక ఎంజైముతో బాగుచేసి మళ్లీ వాడుకుంటుంది. ఎసిట్రోమ్‌లోని మందు ఎసినోకూమరాల్. అది గానీ, దాని అన్న వార్ఫరిన్ గానీ చేసే పని ఆ ఎంజైమును అడ్డుకోవడమే. అందుకే ఇది రక్తాన్ని 'పలచబరచదు', గడ్డకట్టే వేగాన్ని తగ్గిస్తుంది. అందరూ అలవాటుగా అనే మాటే కాబట్టి ఎవరినీ తప్పుపట్టడం లేదు, కానీ ఈ తేడా తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆహారంలో విటమిన్ కె దాదాపు లేకుండా చేస్తే ఒంట్లో నిల్వ అడుగంటుతుంది. అప్పుడు పెళ్లిలో ఒక్కపూట తిన్న పాలకూర పప్పు కూడా ఐఎన్ఆర్‌ను కిందికి లాగేస్తుంది. రెండు రోజులు జ్వరంతో అన్నం మానేస్తే పైకి ఎగదన్నుతుంది. కావలసింది మానడం కాదు, నిలకడ. వారానికి మూడుసార్లు ఒక చిన్న కప్పు ఆకుకూర అనుకుంటే ప్రతి వారం అంతే తినాలి. ఈ మార్పును డాక్టరుగారికి ముందే చెప్పి, మొదలుపెట్టిన వారం పది రోజులకు ఐఎన్ఆర్ చూపించాలి. ఆ అంకెను బట్టి మాత్ర మోతాదును ఆయన సరిచేస్తారు.

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు. 100 గ్రాముల పాలకూరలో విటమిన్ కె సుమారు 480 మైక్రోగ్రాములు, కొత్తిమీరలో 310, క్యాబేజీలో 76 ఉంటాయి. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 90 నుంచి 120. రసంలో వేసే కొత్తిమీర రెండు మూడు గ్రాములకు మించదు కాబట్టి దాన్ని ఏరనక్కర్లేదు. కొత్తిమీర పచ్చడి మాత్రం వేరే లెక్క. వండితే ఈ విటమిన్ పోదు, వేడికి తట్టుకుంటుంది. అన్నం, పప్పు, పెరుగు, అరటిపండుతో పేచీ లేదు.

చాలామంది చూడనిది నూనె. 100 గ్రాముల సోయా నూనెలో విటమిన్ కె దాదాపు 180 మైక్రోగ్రాములు ఉంటే, పల్లీ నూనెలో ఒకటి కూడా ఉండదు. చవగ్గా వచ్చిందని ఒక నెల నూనె మార్చారంటే ఆ మార్పు ఐఎన్ఆర్‌లో కనబడవచ్చు. నీరసానికని తాగే పొడుల డబ్బాల మీద కూడా విటమిన్ కె ఉందేమో చదవండి.

తర్వాత చూడాల్సింది ఇతర మందులు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్, అమియోడరోన్ ఐఎన్ఆర్‌ను పెంచుతాయి. నోటి పూతకు రాసే మికోనజోల్ జెల్ కూడా పెంచుతుంది, పూత మందే కదా అని తీసిపారేయకండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపిన్ తగ్గిస్తాయి. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఐఎన్ఆర్‌ను కదిలించకపోయినా కడుపులో రక్తస్రావం తెచ్చిపెడతాయి. నొప్పికి పారాసిటమాల్ మేలే, కానీ 500 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు నాలుగు చొప్పున కొన్ని రోజులు వాడితే అదీ ఐఎన్ఆర్‌ను పెంచుతుంది.

ఇక పరీక్ష సంగతి. రక్తం తీసే గొట్టం మూత లేత నీలం రంగులో ఉండాలి. అందులో సిట్రేట్ ద్రవం ముందే ఉంటుంది. ఒక వంతు ద్రవానికి తొమ్మిది వంతుల రక్తం, అంటే 0.3 మిల్లీలీటర్లకు 2.7 మిల్లీలీటర్లు పడాలి. గొట్టం మీద గీత ఉండేది ఇందుకే. నరం దొరక్క సగమే నింపి పంపితే సిట్రేట్ ఎక్కువై, ఐఎన్ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. గీత దాకా నిండిందో లేదో పక్కనున్నవాళ్లు చూడవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

రిపోర్టులో 'పీటీ' (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) సెకన్లను పాత రిపోర్టుతో పోల్చుకోవద్దు. ఉదాహరణకు అమ్మగారి పీటీ 26 సెకన్లు, మామూలు మనిషిది 13. నిష్పత్తి 2. ల్యాబు వాడే రసాయనానికి ఐఎస్ఐ అనే అంకె ఉంటుంది. నిష్పత్తికి దాన్ని ఘాతంగా వేస్తే వచ్చేదే ఐఎన్ఆర్. అది 1.0 అయితే ఐఎన్ఆర్ 2.0, అదే 1.2 అయితే 2.3. సెకన్లు అవే, ఐఎన్ఆర్ వేరు. అందుకే ఐఎన్ఆర్‌నే చూడాలి, వీలైనంత వరకు ఒకే ల్యాబుకు వెళ్లాలి. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవాళ్లకు మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. ఆ లెక్కన 1.8 కూడా అజాగ్రత్త చేయదగ్గది కాదు, కవాటం మీద గడ్డ పేరుకోవచ్చు.

మాత్రను రోజూ సాయంత్రం ఒకే వేళకు వేసుకోమనండి. మరిచిపోయి ఆ రాత్రే గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు గుర్తొస్తే వదిలేసి, ఆనాటిది మాత్రమే వేసుకోవాలి. రెండూ కలిపి మింగకూడదు. తారులా నల్లటి విరేచనం, ఎర్రటి మూత్రం, పది నిమిషాలు అదిమిపట్టినా ఆగని ముక్కు రక్తం, గాయం కనబడకపోయినా తలకు దెబ్బ: వీటిలో ఏదైనా ఉంటే ఐఎన్ఆర్ రిపోర్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: దాల్చిన చెక్కలో కూమరిన్ ఉందన్నారు. నేను షుగరు తగ్గుతుందని రోజూ ఒక చెంచా దాల్చిన పొడి వేడినీళ్లలో కలిపి తాగుతున్నాను. రక్తం పలచబడుతుందా? (అన్నానగర్ నుంచి)

జవాబు: పలచబడదు. అయినా ఆ చెంచా తగ్గించండి.

అసలు కూమరిన్‌కు గడ్డకట్టడాన్ని ఆపే గుణం లేదు. దాన్ని 1820లో దక్షిణ అమెరికా చెట్టు గింజ అయిన టోంకా బీన్ నుంచి వేరుచేశారు. ఆ చెట్టుకు అక్కడివాళ్ల పేరు 'కుమరూ', అదే కూమరిన్ అయింది. అప్పుడే కోసిన పచ్చగడ్డి ఆరుతుంటే వచ్చే తీపి వాసన దీనిదే. 1868లో విలియం పెర్కిన్ ప్రయోగశాలలో తయారుచేశాక అత్తరు పరిశ్రమ దీన్ని అందిపుచ్చుకుంది.

మరి మందు ఎక్కణ్నుంచి వచ్చింది? 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు కొమ్ములు కోసినా, చిన్న గీత పడినా రక్తం ఆగక చచ్చిపోయేవి. మంచి గడ్డి మేసినవాటికి ఏమీ అయ్యేది కాదు. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు చచ్చిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తంతో నిండిన పాల క్యానునూ తీసుకుని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ దగ్గరికి వచ్చాడు. ఆరేళ్లకు లింక్ బృందం ఆ విషాన్ని పట్టుకుంది. బూజు అనేది గడ్డిలోని కూమరిన్‌ను 4-హైడ్రాక్సీకూమరిన్‌గా మార్చి, అలాంటివి రెండింటిని ఒకదానికొకటి తగిలిస్తోంది. దానిపేరు డైకూమరాల్. వార్ఫరిన్, ఎసినోకూమరాల్ రెండూ దాని అచ్చులో పోసినవే. నాలుగో స్థానంలో ఆ హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) లేకపోతే విటమిన్ కె జోలికి పోదు. దాల్చిన చెక్కలో ఉన్నది ఆ హైడ్రాక్సిల్ లేని కూమరిన్.

మీరు చూసుకోవాల్సింది కాలేయాన్ని. అందరికీ కాదు గానీ, కొందరికి ఎక్కువ కూమరిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అమెరికా 1954లోనే దీన్ని ఆహారంలో కలపడం నిషేధించింది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ కిలో బరువుకు రోజూ 0.1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదంటుంది. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములన్నమాట. కొట్లో మామూలుగా దొరికే కాసియా చెక్కలో గ్రాముకు సుమారు 3 మిల్లీగ్రాములు ఉండవచ్చు. చెంచా పొడి రెండున్నర గ్రాములనుకుంటే ఏడున్నర మిల్లీగ్రాములు. పరిమితి అక్కడే దాటింది. ఒకటి రెండు వారాలైతే ఏమీ కాదు, ఏళ్ల తరబడి తాగడమే మంచిది కాదు. బిర్యానీలో వేసి పక్కకు తీసేసే ముక్కకు ఈ లెక్క వర్తించదు.

సిలోన్ దాల్చినలో కూమరిన్ నామమాత్రం. ఇక్కడి కొట్లలో 'సురుళ్ పట్టై' అని అడగండి. చూసి పోల్చుకోవచ్చు: కాసియా దళసరిగా, గట్టిగా, ఒకే పొరగా రెండంచులూ లోపలికి చుట్టుకుని ఉంటుంది. సిలోన్‌ది కాగితం లాంటి పలుచని పొరలు చుట్టలా ఒకదానిలో ఒకటి ఉంటాయి, వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పొడి చేశాక ఏది ఏదో చెప్పడం కష్టం, అందుకే చెక్కగానే కొనండి. షుగరు మాత్ర మానేసి దీన్నే నమ్ముకుని ఉంటే మాత్రం ఇవాళే డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: పసుపులో ఉండే కర్‌క్యుమిన్ కూడా కూమరినేనా? (వడపళని)

జవాబు: కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయంతే. కూమరిన్ అణువులో ఉండే ఉంగరమే దానికి లేదు. జీలకర్రను ఇంగ్లిషులో అనే క్యుమిన్‌తోనూ సంబంధం లేదు. నిజంగా కూమరిన్ చుట్టాలు కావాలంటే ఇంగువలో, మారేడు పండులో, మెరీనా వైపు కనిపించే పొన్నచెట్టు గింజల్లో వెతకండి. పాడైన వేరుశనగలో బూజు చేసే అఫ్లటాక్సిన్ కూడా ఈ కుటుంబంలోనిదే, కుటుంబానికి తలవంపులు తెచ్చే సభ్యుడు.

ప్రశ్న: ఎలుకల మందు, గుండె మాత్ర ఒకటేనని విన్నాం. మా ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు. పొరపాటున నోట్లో పెట్టుకుంటే ఏం చేయాలి? (వ్యాసర్‌పాడి)

జవాబు: వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగానే బజారులోకి వచ్చింది. 1954లో మనుషులకు అనుమతించారు. మరుసటి ఏడాదే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చారు. ఇప్పుడు కొట్లలో దొరికే బిళ్లల్లో ఉండేది దాని వారసుడు బ్రోమడయోలోన్, సాధారణంగా 0.005 శాతం. అంటే 15 గ్రాముల బిళ్లలో 0.75 మిల్లీగ్రాము. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ ఇది కాలేయంలో వారాలు, నెలలు ఉండిపోతుంది.

ఇందులో మోసం చేసేది ఆలస్యం. రక్తంలో అప్పటికే తిరుగుతున్న కారకాలు అయిపోయేదాకా ఏమీ తెలియదు. ఏడో కారకం ఆరు గంటల్లో సగమవుతుంది గానీ, ప్రోత్రాంబిన్ (రెండో కారకం) సగమవడానికి రెండున్నర రోజులు పడుతుంది. అందుకే మొదటి రోజు పరీక్ష బాగుందని ఇంటికి వచ్చేయకూడదు, 48 గంటలకు మళ్లీ చేయించాలి. విరుగుడు విటమిన్ కె1. కె3 పనికిరాదు. విషం ఎక్కినట్టు తేలితే కె1ను వారాల తరబడి ఇవ్వాల్సి వస్తుంది.

కానీ 'ఎలుకల మందు' అంటే ఒకటే మందు కాదు. ట్యూబులో పేస్టులా వచ్చేది పసుపుపచ్చ భాస్వరం కావచ్చు, బూడిద రంగు పొడి జింక్ ఫాస్ఫైడ్ కావచ్చు. వీటికి విరుగుడు లేదు. భాస్వరం తిన్నవాళ్లు ఒకటి రెండు రోజులు బాగానే తిరిగి, తర్వాత కాలేయం చెడి ప్రమాదంలో పడతారు. కాబట్టి 108కి ఫోను చేసి, చిరిగిన ప్యాకెట్టునైనా సరే వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు, పాలు, నూనె పట్టి వాంతి చేయించవద్దు. బాబు ఆడుకుంటున్నాడు కదా అని ఆగవద్దు.

ప్రశ్న: నాకు మోచేతి మీద బొల్లి మచ్చ ఉంది. ఇక్కడి పారిస్ కార్నర్‌లో నాటు మందుల కొట్లో బావంచాలు (ఇక్కడ కార్బోగరిసి అంటారు) నూరి రాసి ఎండలో కూర్చోమన్నారు. రెండోసారికే పెద్ద బొబ్బలు లేచాయి. మందు పడలేదా? (టి. నగర్)

జవాబు: పడకపోవడం కాదు, మోతాదు మించింది. బావంచాల్లో సోరలిన్ ఉంది. కూమరిన్‌కు ఫ్యూరాన్ అనే మరో ఉంగరం తగిలిస్తే వచ్చేది అదే. చీకట్లో అది దాదాపు ఊరుకుంటుంది. ఎండలోని యూవీఏ (ఒక రకం అతినీలలోహిత) కిరణం తగలగానే చర్మకణంలోని డీఎన్ఏ రెండు పోగులనూ కలిపి కుట్టేస్తుంది. ఆ దెబ్బను కొలతగా వాడుకుంటే వైద్యం, కొలత తప్పితే కాలిన గాయం. ఈజిప్టులో అమ్మి మేజస్ అనే మొక్క గింజలను కూడా ఇలాగే వాడేవారు. దాని నుంచి తీసిన మెథాక్సలెన్‌తో 1940లలో కైరోలో ఎల్ మొఫ్తీ బొల్లికి చికిత్స మొదలుపెట్టారు. 1974లో అమెరికా డాక్టర్లు దాన్నే యూవీఏ దీపాలతో జతచేసి సోరియాసిస్‌కు వాడారు. 'పువా' (సోరలిన్, యూవీఏ కలిపి) అన్న పేరు అప్పటిదే.

కొట్లో కొన్న గింజల్లో సోరలిన్ ఎంతుందో ఎవరూ చెప్పలేరు. ఒక బస్తాకూ మరో బస్తాకూ తేడా ఉంటుంది. పైగా ఈ మంట వెంటనే తెలియదు. ఎరుపు, బొబ్బలు 48 నుంచి 72 గంటలకు ముదురుతాయి. మొదటిరోజు ఏమీ కాలేదని మర్నాడు ఇంకో పావుగంట కూర్చున్నారు, రెండు రోజుల దెబ్బ కలిసి ఒకేసారి బయటపడింది. డాక్టర్లు వరసగా రెండు రోజులు ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

పద్ధతిగా చేస్తే ఇలా ఉంటుంది. మాత్రతో అయితే కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాము ట్రయాక్సలెన్ (సోరలిన్ జాతి మందు), ఏదైనా తిన్నాక. రెండు గంటల తర్వాత మచ్చకు మాత్రమే ఎండ, మొదట ఐదు నిమిషాలకు మించకుండా, రోజు విడిచి రోజు, కొద్దికొద్దిగా పెంచుతూ లేత గులాబీ రంగు వచ్చేదాకా. ఆ 24 గంటలూ యూవీఏను ఆపే కళ్లద్దాలు ఉండాల్సిందే. పూతగా అయితే 1 శాతం మెథాక్సలెన్ ద్రవాన్ని నేరుగా రాయరు, కనీసం పదింతలు పలుచన చేస్తారు. ఆ తర్వాత బాగా కడిగి, గుడ్డ కప్పాలి. ఇంట్లో కిటికీ అద్దం పక్కన కూర్చుంటే ఫరవాలేదనుకోవద్దు, యూవీఏ అద్దంలోంచి వస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్ర ఇవ్వరు. కాలేయ జబ్బున్నవాళ్లకూ, గర్భిణులకూ వద్దు.

మీరు బొబ్బలు చిదమకుండా, మచ్చను ఎండ తగలకుండా కప్పి ఉంచి చర్మవైద్యులకు చూపించండి. ఇప్పుడు చాలాచోట్ల సోరలిన్ అక్కర్లేని 311 నానోమీటర్ల యూవీబీ దీపాన్నే ముందు ఎంచుకుంటున్నారు. మా ఓటూ దానికే.

ఎండలో నిమ్మకాయలు పిండేవాళ్ల చేతులకు వచ్చే గోధుమరంగు చారలు కూడా ఇదే జాతి పని. రసంలో కన్నా తొక్క నూనెలో ఈ ఫ్యూరనోకూమరిన్లు ఎక్కువ. పిండగానే సబ్బుతో కడుక్కుంటే చాలు. ఒకసారి పడిన చార పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ప్రశ్న: బీఎస్సీ ప్రాక్టికల్‌లో పెక్‌మన్ చర్యతో 7-హైడ్రాక్సీ-4-మిథైల్‌కూమరిన్ చేశాం. తెల్లగా రావాల్సింది ఎర్రటి జిగురులా వచ్చింది. (తాంబరం విద్యార్థి)

జవాబు: వేడి మించింది. 50 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని ఐసు తొట్టిలో 10 డిగ్రీల కిందికి దించండి. 5 గ్రాముల రిసార్సినాల్‌ను 6.5 మిల్లీలీటర్ల ఇథైల్ ఎసిటోఎసిటేట్‌లో కరిగించి, కలుపుతూ బొట్టుబొట్టుగా వేయండి. థర్మామీటరు 10 దాటితే పోయడం ఆపాలి. చెన్నై మే నెలలో తొట్టిలో ఐసు ఒక్కటే చాలదు, ఉప్పు కలపండి. మీకు జిగురు వచ్చింది ఇక్కడే: తొందరపడి ఒకేసారి పోస్తే ఆమ్లం రిసార్సినాల్‌ను మాడ్చేస్తుంది. పాత రిసార్సినాల్ సీసాలోనే గులాబీ రంగు తిరిగి ఉంటే అదీ కొంత కారణం.

రాత్రంతా ఉంచి, మర్నాడు నలగ్గొట్టిన ఐసు మీద పోయండి. నీళ్లను ఆమ్లంలో పోయవద్దు. వడకట్టిన ముద్దను 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగిస్తే ద్రవం నీలంగా మెరుస్తుంది. వడకట్టి, సజల ఆమ్లం కలిపితే తెల్లగా దిగుతుంది. క్షారాన్ని వేడి చేయకండి, ఉంగరం విప్పుకుంటుంది. ఆల్కహాల్‌లో స్ఫటికీకరించి ద్రవీభవన స్థానం చూడండి, 185 డిగ్రీలకు అటూ ఇటూగా రావాలి. సిద్ధాంతం ప్రకారం 8 గ్రాములు. మీరు చేసింది ఊరికే పరీక్ష పదార్థం కాదు, హైమెక్రోమోన్ పేరుతో ఐరోపాలో పైత్యరస నాళాల నొప్పికి వాడే మందు. అలాగని రుచి చూడవద్దు.

ప్రశ్న: బంబ్లిమాస్ తింటే బీపీ మాత్ర ఎక్కువ పనిచేస్తుందంటారు, నిజమా? (సాలిగ్రామం)

జవాబు: కొన్ని మాత్రలతో నిజమే. బంబ్లిమాస్ అంటే మన పంపర పనస. అదీ, ద్రాక్షపండు పేరు మోసే గ్రేప్‌ఫ్రూట్, రెండింటిలోనూ బెర్గమాటిన్ లాంటి ఫ్యూరనోకూమరిన్లున్నాయి. పేగుగోడలో మందును సగంలోనే విరిచేసే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును ఇవి పాడుచేస్తాయి. దాంతో బీపీకి వాడే ఫెలోడిపిన్, కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, మూత్రపిండం మార్చినవాళ్లు వాడే టాక్రోలిమస్ రక్తంలోకి ఎక్కువగా చేరతాయి. పొద్దున పండు, రాత్రి మాత్ర అని వేళలు మార్చినా లాభం లేదు. ఎంజైము కొత్తగా తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఈ మాత్రలు వాడేవాళ్లు ఆ పండు మానేసి కమలాపండు తినవచ్చు.